రోహిణి కార్తెలో టర్బో కారు: రేడియేటరా, ఫ్యానా, ఆయిల్ కూలరా, డబ్బు ముందు దేనికి?

రోహిణి కార్తె ఎండకు రోళ్ళు పగులుతాయంటారు. రోలు పగలడం నేనెప్పుడూ చూళ్ళేదు గానీ, ఇంజిన్ హెడ్డు కింద సీలుగా ఉండే హెడ్ గ్యాస్కెట్ పోవడం మాత్రం చూశాను. నాది కాదు, మా బావది. ఆయన సంగతి కూలెంట్ దగ్గరికి వచ్చాక చెప్తాను. నాది అంతకంటే చిన్న కథ, కానీ నాకు బుద్ధొచ్చింది దానివల్లే.

మూడేళ్ళ కిందట మే నెలలో పెళ్ళికని హైదరాబాద్ నుంచి విజయవాడ బయల్దేరాం. కారు సెకండ్ హ్యాండ్‌లో కొన్న రెండు లీటర్ల టర్బో పెట్రోల్ సెడాన్. చూడ్డానికి పెద్దమనిషి, తొక్కితే పెద్దపులి. పంతంగి టోల్‌గేటు దగ్గర వరుసలో పావుగంట ఆగిపోయాం. ముందు ఏసీ గాలి వేడిగా రావడం మొదలైంది. టెంపరేచర్ ముల్లు 90 దగ్గరే ఉంది, చెక్కుచెదరలేదు. ఇంకాసేపటికి ఒక్క ఉదుటున ఎర్రగీత దాకా పోయింది. పక్కకు తీసి, బానెట్ ఎత్తి, పట్టుచీరల వాళ్ళందరినీ వేపచెట్టు నీడన కూర్చోబెట్టి, గంటసేపు ఆ కారుని తిట్టుకున్నాను.

ఆ తర్వాత మూడు చోట్ల చూపిస్తే మూడు వైద్యాలు చెప్పారు. ఒకాయన పెద్ద అల్యూమినియం రేడియేటర్ తెప్పించుకోమన్నాడు. ఇంకొకాయన ఖరీదైన రేసింగ్ కూలెంట్ పోయమన్నాడు. ఆటోనగర్‌లో పెద్దాయన ఒకాయన, "బాబూ, ఆ థర్మోస్టాట్ వాల్వు పీకేద్దాం, పీడా పోద్ది" అన్నాడు. ఇంజిన్ వేడెక్కాక కూలెంట్‌ని రేడియేటర్‌లోకి వదిలే వాల్వు అది. నాలుగో చోట కుర్రాడు బానెట్ ఎత్తి, ఏసీ వేయించి, రెండు నిమిషాలు చూసి, "అన్నా, రెండు ఫ్యాన్లలో ఒకటి తిరగట్లేదు" అన్నాడు. అంతే. ఫ్యాను మోటారు మార్చాక ఆ కారు మళ్ళీ ఏ టోల్‌గేటులోనూ హీటెక్కలేదు.

మొదటి ముగ్గురూ చెప్పినవి చెత్త సలహాలు కావు, థర్మోస్టాట్ పీకడం తప్ప. ఒక్కోటీ ఒక్కో రోగానికి మందు. నా రోగం అది కాదు, అంతే. అందుకని ఏ సామాను గొప్పదని అడక్కుండా, మీ బండి ఎప్పుడు హీటెక్కుతోందని అడుగుతూ పోతాను. దాన్నిబట్టే కొనాల్సింది మారుతుంది.

ఎండాకాలం లెక్క

రేడియేటర్ ఎంత వేడిని బయటికి పంపగలదన్నది, లోపలి కూలెంట్‌కీ బయటి గాలికీ ఉన్న తేడాని బట్టి ఉంటుంది. కూలెంట్ 100 డిగ్రీలనుకోండి. డిసెంబరు ఉదయం గాలి 20 డిగ్రీలుంటే తేడా 80. మే మధ్యాహ్నం రామగుండంలోనో రెంటచింతలలోనో 45 డిగ్రీలుంటే తేడా 55. కానీ రేడియేటర్‌కి తగిలేది ఆ 45 డిగ్రీల గాలి కూడా కాదు. దాని ముందు, ఏసీ లాగిన వేడిని బయటికి వదిలే కండెన్సర్ ఉంటుంది, కిందేమో కాలిన తారురోడ్డు. అవి దాటేసరికి గాలి 55 డిగ్రీలు దాటుతుంది. తేడా 45కి పడిపోతుంది. అంటే డిసెంబరులో చేసిన పనిలో దాదాపు సగమే అదే రేడియేటర్ మేలో చేయగలుగుతుంది. పాడైందేమీ లేదు, గాలే వేడి.

రెండో లెక్క ఇంజిన్ వైపుది. పెట్రోల్‌లోని శక్తిలో స్థూలంగా మూడోవంతు చక్రాలకు పోతే, మూడోవంతు సైలెన్సర్ లోంచి పోతుంది, మిగతాది కూలెంట్, ఆయిల్ మోయాలి. 230 హార్స్‌పవర్ ఇంజిన్ని ట్రాక్ మీద ఆపకుండా పూర్తిగా తొక్కితే కూలెంట్‌లోకి వచ్చే వేడి 100 కిలోవాట్ల దగ్గర ఉంటుంది. ఇంట్లో వాడే 2 కిలోవాట్ల గీజర్లు యాభై ఒకేసారి వేసినట్టు. అదే కారు హైవే మీద 100లో నింపాదిగా పోతుంటే అందులో ఐదోవంతు. అమీర్‌పేట సిగ్నల్లో నిలబడితే నాలుగైదు గీజర్లు కూడా ఉండవు.

కాబట్టి సిటీ ట్రాఫిక్‌లో హీటెక్కే స్పోర్ట్స్ కారుకి వేడి ఎక్కువై కాదు, గాలి ఆడక ఆ జబ్బు. ట్రాక్ మీద హీటెక్కేదానికి గాలి బోలెడంత ఉంది, వేడే మోయలేనంత. ఈ రెంటికీ ఒకే మందు అమ్మేవాణ్ణి నమ్మొద్దు.

ముల్లుని నమ్మకండి

చాలా కొత్త కార్లలో, ముఖ్యంగా ఫోక్స్‌వాగన్ కుటుంబం కార్లలో, డాష్‌బోర్డు ముల్లు నిజం చెప్పదు. కూలెంట్ 75 నుంచి 105 దాటేదాకా ఎక్కడున్నా ముల్లు 90 దగ్గర కదలకుండా ఉండేట్టు కావాలనే పెట్టారు. కాస్త అటూ ఇటూ ఊగితే జనం కంగారుపడి సర్వీసింగ్‌కి పరిగెత్తుకొస్తారని. ముల్లు కదిలిందంటే ఆలస్యమైపోయిందనే అర్థం.

అందుకే అన్నిటికంటే ముందు కొనాల్సింది ఓబీడీ స్కానర్. అగ్గిపెట్టెంత ఉంటుంది, స్టీరింగ్ కింద గుచ్చి ఫోన్లో యాప్ తెరిస్తే అసలు అంకె కనపడుతుంది. ఖరీదూ తక్కువే, అన్నిటికంటే ఎక్కువ డబ్బు మిగిల్చేది కూడా అదే. చాలా కార్లలో ఫ్యాను 95–97 దగ్గర నెమ్మదిగా, 105 దగ్గర గట్టిగా తిరగాలి. 100, 103 చూసి భయపడక్కర్లేదు. 110 దాటితే ఆలోచించాలి. 115 దగ్గర ఇంకా తొక్కుతున్నారంటే కారు మీది కాదన్నమాట.

ఒక వారం దాన్ని పెట్టుకుని తిరగండి. సిగ్నల్లో పెరిగి, కదలగానే తగ్గుతుంటే ఫ్యాను లేదా దాని చుట్టూ ఉండే తొడుగు. హైవేలో గంటకు 100 కిలోమీటర్ల వేగంలో పెరిగి, నెమ్మదిస్తే తగ్గుతుంటే రేడియేటర్ లోపల గానీ బయట గానీ మూసుకుపోయింది, లేదా వాటర్ పంపు బలహీనపడింది. ఏసీ వేసినప్పుడే పెరుగుతుంటే కండెన్సర్ రెక్కల్లో దుమ్ము. ట్రాక్ మీద మూడో ల్యాపు నుంచి పెరుగుతుంటే, మీ కారుకి ఏ రోగం లేదు, దాని శక్తి అంతే. అప్పుడే పెద్ద సామాన్ల గురించి మాట్లాడుకోవాలి.

పైసా ఖర్చు లేని గాలి

గాలి సోమరిపోతు. రేడియేటర్ రెక్కల సందుల్లోంచి దూరి కష్టపడ్డం కంటే పక్కన బెత్తెడు ఖాళీ ఉంటే అటే జారుకుంటుంది. బంపరుకీ రేడియేటర్‌కీ మధ్య ఖాళీలు చూడండి. కంపెనీ ఇచ్చిన రబ్బరు పట్టీలు, ప్లాస్టిక్ పలకలు పదేళ్ళ కార్లలో సగం ఉండవు. ఎప్పుడో బంపరు పని చేయించినప్పుడు షెడ్డులోనే ఉండిపోయి ఉంటాయి. ఆ పలకలు తెచ్చి బిగించడం, లేదా గట్టి ఫోము షీటుతో ఆ సందులు మూయడం ఒక ఆదివారం పని. పెద్ద రేడియేటర్ కొన్నంత లాభం దీనివల్లే రావడం నేను చూశాను.

రెండోది కడగడం. వరి కోతల కాలంలో సూర్యాపేట, కోదాడ వైపు తిరిగిన కారు రేడియేటర్‌ని ఓసారి టార్చిలైటుతో చూడండి. ఊక, పురుగులు, ఎర్రదుమ్ము కలిసి పిడకలా ఉంటుంది. మామూలు పైపు నీళ్ళతో, వీలైతే ఇంజిన్ వైపు నుంచి బయటికి కొట్టించాలి. వాటర్ సర్వీసింగ్ గన్ను దగ్గరగా పెడితే రెక్కలు వంగిపోయి ఉన్న గాలీ పోతుంది. అడుగున ఉండే ప్లాస్టిక్ పళ్ళాన్ని, గాలి ఆడుతుందని తీసిపారేసేవాళ్ళున్నారు. చాలా కార్లలో అది తీస్తే రేడియేటర్ వెనక నుంచి వేడిగాలిని లాగే ఊపు తగ్గుతుంది. దాన్ని వెతికి మళ్ళీ బిగించండి. గ్రిల్లు ముందు కట్టిన నిమ్మకాయలు, మిరపకాయల వల్ల నష్టమేమీ లేదు, అడ్డంగా బిగించిన నాలుగు పెద్ద ఫాగ్ లైట్లతోనే చిక్కు.

ఫ్యానా, రేడియేటరా?

రోడ్డు మీద మాత్రమే తిరిగే కారుకి నా ఓటు ఎప్పుడూ ఫ్యానుకే. గంటకు 60 కిలోమీటర్లు దాటాక ఫ్యాను ఉన్నా లేకపోయినా ఒకటే, ఎదురుగాలే సరిపోతుంది. ఆ వేగం లోపలే దాని ఉద్యోగం. మోటారు బ్రష్షులు అరిగితే తిరుగుతున్నట్టే కనపడుతుంది, కానీ సగం వేగంతో. ఎర్త్ వైరు తుప్పుపట్టినా అంతే. ఏసీ వేసి, ఒక కాగితం ముక్క గ్రిల్లు దగ్గర పట్టుకోండి. గట్టిగా అతుక్కోవాలి. జారి పడిపోతే ముందు ఆ పని చూడండి.

ఫ్యాను కొనాల్సి వస్తే కంపెనీది, తొడుగుతో సహా కొనడం మేలు. బయట దొరికే సన్నటి గుండ్రటి ఫ్యాన్లు చూడ్డానికి రేసు కారులా ఉంటాయి గానీ, తొడుగు లేకుండా రేడియేటర్‌కి నేరుగా కడితే ఆ గుండ్రటి మేరకే గాలి లాగుతాయి, మూలలన్నీ ఊరికే ఉంటాయి.

రేడియేటర్ విషయంలో మన ముందు నాలుగు దారులుంటాయి. పాతదాన్నే రేడియేటర్ షాపులో విప్పించి కడిగించడం, ఇత్తడి కోరు (గొట్టాలు, రెక్కలుండే భాగం) వేయించడం, కంపెనీ కొత్తది, మందమైన అల్యూమినియంది. రాగి వేడిని అల్యూమినియం కంటే బాగా లాగుతుందన్న మాట నిజమే, ఇత్తడి మాత్రం అలా లాగదు. రాగి ఒకటిన్నర రెట్ల పైనే మెరుగు. కానీ అల్యూమినియంతో గొట్టాలు వెడల్పుగా, రెక్కలు దగ్గరగా చేయగలరు, బరువూ తక్కువ. అందుకే ఇప్పటి కార్లన్నీ అదే. పాత కాంటెస్సాకో ప్రీమియర్ పద్మినికో ఇత్తడి కోరు బాగానే ఉంటుంది. టర్బో కారుకి, బంపరు వెనక రెండంగుళాల చోటులో, నేనైతే వేయించను.

ఎనిమిదేళ్ళు దాటిన కారైతే కంపెనీ కొత్త రేడియేటర్ వేస్తే చాలు, అదే అప్‌గ్రేడులా అనిపిస్తుంది. పాతదాని గొట్టాల్లో ఎంత పాచి, ఎంత సుద్ద పేరుకుందో మనకు తెలియదు. మందమైన అల్యూమినియం రేడియేటర్ ట్రాక్‌కి వెళ్ళేవాళ్ళకి. దాంట్లో ఒక మెలిక ఉంది. మందం పెరిగేకొద్దీ గాలి దూరడం కష్టం. గంటకు 120 వేగంలో ఎదురుగాలి దాన్ని దాటిస్తుంది, సిగ్నల్లో మీ ఫ్యాను దాటించలేకపోవచ్చు. ట్రాక్ మీద పది డిగ్రీలు తగ్గి, పంజాగుట్ట ఫ్లైఓవర్ కింద ఐదు డిగ్రీలు పెరిగిన కార్లు ఉన్నాయి. చవక కాపీల్లో ఇంకో తంటా. వెల్డింగు దగ్గర కారుతాయి, బిగించే చెవులు సరిపోవు. కొంటే పేరున్నదే కొనండి, లేదా కంపెనీదే వేయించుకోండి.

కూలెంట్: బావ చేసిన తప్పు

మా బావ ప్రకాశం జిల్లాలో ఉంటాడు. కూలెంట్ తగ్గిందని బోరు నీళ్ళు పోశాడు, మళ్ళీ తగ్గితే మళ్ళీ పోశాడు. ఆ తర్వాత ఎవరో పచ్చ కూలెంట్ ఇస్తే అదీ పోశాడు, లోపల ఉన్నది గులాబీ రంగుది. ఆరు నెలలకి లోపలంతా గంజిలా తయారైంది, గొట్టాల్లో సుద్ద గట్టిపడింది. హీటెక్కాక కూడా "ఊరు దగ్గరే కదా" అని పన్నెండు కిలోమీటర్లు నడిపాడు. హెడ్డు వంగింది, గ్యాస్కెట్ పోయింది, ఇంజిన్ విప్పాల్సొచ్చింది. ఆ బిల్లు గురించి అక్క దగ్గర ఇప్పటికీ ఎత్తకూడదు.

కాబట్టి ఇక్కడ తేలిగ్గా తీసుకోవద్దు. రంగు చూసి కూలెంట్ కొనకండి. రంగుకు ఏ ప్రమాణమూ లేదు, ఒక కంపెనీ పచ్చ వేరు, ఇంకో కంపెనీ పచ్చ వేరు. మాన్యువల్లో రాసిన స్పెసిఫికేషన్ చూసి కొనండి. కలపడానికి బ్యాటరీ వాటర్ వాడండి, బంకుల్లో, సామాన్ల కొట్లలో దొరికేదే. బోరు నీళ్ళలోని సున్నం రేడియేటర్‌కి విషం.

పాళ్ళ సంగతి. నీళ్ళు వేడిని మోయడంలో రాజు. కిలో నీళ్ళు ఒక డిగ్రీ వేడెక్కడానికి 4.18 కిలోజౌళ్ళు తీసుకుంటాయి. కూలెంట్‌లో ఉండే అసలు రసాయనం గ్లైకాల్, అది సగం కలిపిన మిశ్రమం 3.5 దగ్గర. అంటే కూలెంట్ ఎక్కువ పోస్తే ఎక్కువ చల్లగా ఉంటుందన్నది తలకిందుల మాట. గ్లైకాల్ మరిగే స్థాయిని పెంచుతుంది, గడ్డకట్టనివ్వదు, దాంట్లో కలిపిన మందులు తుప్పుని ఆపుతాయి. మన దగ్గర గడ్డకట్టే భయం ఎటూ లేదు. లంబసింగిలో ఏడాదికి రెండు తెల్లవారుజాముల కోసం 60 శాతం కూలెంట్ పోయక్కర్లేదు. 40 శాతం చాలా కార్లకు చాలు, మీ మాన్యువల్ చెప్పిన కనీసం కంటే మాత్రం తగ్గించొద్దు. ఎందుకంటే తుప్పు మందు కూడా ఆ పాళ్ళతోనే తగ్గుతుంది.

మామూలు నీళ్ళు 100 దగ్గర మరుగుతాయి గానీ, మూత బిగించిన వ్యవస్థలో అలా కాదు. ఒక బార్ ఒత్తిడి ఉన్న మూత కింద సగం సగం మిశ్రమం 129 దాకా మరగదు. అందుకే అరిగిన మూత చిన్న విషయం కాదు. రబ్బరు వాషరు గట్టిపడితే ఒత్తిడి నిలవదు, కూలెంట్ పొంగిపోతుంది. రేడియేటర్ కొనేముందు మూత మార్చి చూడండి, చవకలో తేలిపోవచ్చు.

ఇక రెండు ఖరీదైన రకాలు. నీటి తలతన్యతని తగ్గించే చుక్కల మందు ఒకటి. రెడ్ లైన్ వాటర్ వెట్టర్ లాంటివి. ఇవి గ్లైకాల్ లేని ఉత్త నీళ్ళతో బాగా పనిచేస్తాయి, గ్లైకాల్ మిశ్రమంలో లాభం తక్కువ. చాలా రేసుల్లో గ్లైకాల్ కారితే ట్రాక్ జారుతుందని ఒప్పుకోరు. అక్కడ డిస్టిల్డ్ వాటర్, ఈ మందు కలిపి వాడతారు. రోజూ తిరిగే కారుకి ఆ పద్ధతి వద్దు. రెండోది నీళ్ళులేని కూలెంట్, ఎవాన్స్ వంటివి. 190 డిగ్రీల దాకా మరగవు, ఒత్తిడీ పెరగదు. వినడానికి బావుంది. కానీ వేడి మోసే శక్తి నీళ్ళతో పోలిస్తే బాగా తక్కువ, చిక్కన కూడా. అంటే ఇంజిన్ మరగదు గానీ, మరింత వేడిగా నడుస్తుంది. పైగా పాత నీటిని చుక్క లేకుండా తీయాలి, దారిలో కారిపోతే సూర్యాపేటలో అది దొరకదు. ఎప్పుడో ఒకసారి తీసే పాత ముద్దుల కారుకి, తుప్పు పట్టకుండా ఉండటానికి పనికొస్తుంది. మే నెల టర్బోకి నేను పోయను.

థర్మోస్టాట్ పీకేద్దామా?

వద్దు. థర్మోస్టాట్ ఇంజిన్ కనీస వేడిని నిర్ణయిస్తుంది, గరిష్ఠాన్ని కాదు. 100 దగ్గర అది ఎటూ పూర్తిగా తెరుచుకునే ఉంటుంది. పీకేస్తే కొన్ని ఇంజిన్లలో కూలెంట్ రేడియేటర్‌ని తప్పించుకుని అడ్డదారిలో తిరుగుతుంది, హీటు ఇంకా పెరుగుతుంది. పొద్దున్నే ఇంజిన్ వేడెక్కక పెట్రోల్ ఎక్కువ తాగుతుంది. తక్కువ డిగ్రీల్లో తెరుచుకునే థర్మోస్టాట్‌తో కూడా, రేడియేటర్ చాలకపోతే ఐదు నిమిషాలు ఆలస్యంగా అదే చోటికి వెళ్తారు. పాతది ఇరుక్కుపోయి సగమే తెరుచుకుంటుంటే కంపెనీ కొత్తది వేయించండి. అంతకంటే అందులో చేసేదేమీ లేదు.

ఆయిల్ సంగతి

కూలెంట్ అంకె చూసి మురిసిపోయేవాళ్ళు ఆయిల్ని మర్చిపోతారు. పిస్టన్ల కింద, బేరింగుల మధ్య, టర్బో ఇరుసు దగ్గర వేడిని లాగేది ఆయిలే. గట్టిగా తొక్కే కార్లలో కూలెంట్ 100 ఉన్నా ఆయిల్ 130 దాటుతుంది. 100 నుంచి 120 దాకా మంచిదే, అసలు ఆయిల్ అంత వేడెక్కితేనే తేమ ఎగిరిపోతుంది. 130 పైన ఎక్కువసేపు ఉంటే మామూలు ఆయిల్ త్వరగా పాడైపోతుంది.

రోడ్డు కార్లకు మొదటి మెట్టు మంచి ఫుల్ సింథటిక్, మాన్యువల్ ఒప్పుకున్న వాటిలో చిక్కటిది. 5డబ్ల్యూ-30, 5డబ్ల్యూ-40 రెండూ ఒప్పుకుంటే మన ఎండల్లో 40. కొన్నాళ్ళ కిందట 10డబ్ల్యూ-60 పోయడం ఫ్యాషనైంది. బీఎండబ్ల్యూ ఈ46 ఎం3 ఇంజిన్‌కి అదే వేయమన్నారు, నిజమే, కానీ ఆ బేరింగు సందులకి తగ్గట్టు. మీ టర్బో హ్యాచ్‌బ్యాక్‌కి అది పోస్తే పంపు మోయాల్సిన భారమే పెరుగుతుంది. దాని బదులు ఆయిల్ మార్చే గడువు తగ్గించండి. 15,000 కిలోమీటర్లు అని రాసి ఉంటే ఎండలో తిరిగే టర్బోకి నేను 7,500 దాటనివ్వను.

విడిగా ఆయిల్ కూలర్ పెట్టడం ట్రాక్ వాళ్ళకే. రెండు రకాలు. ఒకటి ఆయిల్ వేడిని కూలెంట్‌కి ఇచ్చేది. చాలా జర్మన్ కార్లలో కంపెనీ నుంచే ఉంటుంది. పొద్దున త్వరగా వేడెక్కుతుంది, కానీ ఆ భారమంతా మళ్ళీ రేడియేటర్ మీదే పడుతుంది. రెండోది నేరుగా గాలికి పెట్టేది. ఇదే అసలైన ఉపశమనం, కానీ థర్మోస్టాట్ ఉన్న పలకతోనే పెట్టించాలి, లేకపోతే సంక్రాంతి పొద్దున ఆయిల్ వేడెక్కనే వేడెక్కదు. పైపుల కనెక్షన్లు మంచివి వాడండి. వేడి ఆయిల్ ఎగ్జాస్ట్ మీద కారితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. నేను ఇందులో చవక సామాన్లకి ఒప్పుకోను.

టర్బో ఉన్నవాళ్ళకు: ఇంటర్‌కూలర్ ఇరకాటం

టర్బో గాలిని కుదిస్తుంది, కుదించిన గాలి వేడెక్కుతుంది. 45 డిగ్రీల గాలిని ఒక బార్ బూస్టుతో కుదిస్తే దాదాపు 145 అవుతుంది. ఆ గాలిని చల్లబరిచే చిన్న రేడియేటరే ఇంటర్‌కూలర్. అది ఆ వేడిని దించకపోతే ఇంజిన్ కొట్టుకోవడం (నాకింగ్) మొదలవుతుంది, అది తెలిసి ఇంజిన్ కంప్యూటర్ ఈసీయూ స్పార్కు టైమింగ్ వెనక్కి తీస్తుంది. అందుకే మే మధ్యాహ్నం కారు మొద్దుబారినట్టుంటుంది. గాలి పది డిగ్రీలు పెరిగితే మూడు శాతం పలచబడుతుంది. టైమింగ్ వెనక్కి పోవడం దాని మీద అదనం.

ఇక్కడ అసలు ఇరకాటం చూడండి. పెద్ద ఇంటర్‌కూలర్ ఎక్కడ పెడతారు? రేడియేటర్ ముందే. ఇంజిన్‌లోకి పోయే గాలి చల్లబడుతుంది, రేడియేటర్‌కి వెళ్ళే గాలి వేడెక్కుతుంది. బలం పెరిగి, కూలెంట్ ఐదారు డిగ్రీలు పెరిగి, యజమాని తికమక పడటం మామూలే. రోడ్డు కారుకి, ఈసీయూ ట్యూనింగ్ చేయించకపోతే, కంపెనీ ఇంటర్‌కూలర్ రెక్కలు శుభ్రం చేయించి వదిలేయండి. ట్యూనింగ్ చేయించారా, ముందు ఇంటర్‌కూలర్, దాంతోపాటే రేడియేటర్ దారిలో సందులు మూయడం. ఒకటి చేసి రెండోది మానేయొద్దు. నీటితో చల్లబరిచే ఇంటర్‌కూలర్ ఉన్న కార్లు ఒకటి రెండు పరుగులకి బాగుంటాయి. ఆ నీళ్ళు ఒకసారి వేడెక్కాయంటే మాత్రం ట్రాఫిక్‌లో చల్లారడానికి చాలాసేపు పడుతుంది.

ఎక్కువ ఆక్టేన్ పెట్రోల్ ఇక్కడ పనికొస్తుంది. ఎక్స్‌పీ95, పవర్99, ఎక్స్‌పీ100 లాంటివి కొట్టుకోవడాన్ని తగ్గించి టైమింగ్‌ని నిలబెడతాయి. రేడియేటర్‌ని మాత్రం చల్లబరచవు. బంకులో కుర్రాడు అలా చెప్తే నవ్వేసి పంపు మీద అంకె చూసుకోండి.

బానెట్‌కి రంధ్రాలు

బానెట్ వెనక అంచుని వాషర్లు పెట్టి పైకెత్తే అలవాటు ఒకటుంది. చూడ్డానికి వేడి బయటికి పోతున్నట్టే ఉంటుంది. కానీ ముందు అద్దం అడుగున గాలి ఒత్తిడి ఎక్కువ. కారు కదిలితే గాలి అక్కణ్ణుంచి లోపలికే వస్తుంది, రేడియేటర్ నుంచి బయటికి రావాల్సిన గాలిని ఆపుతుంది. సిగ్నల్లో కాస్త లాభం, హైవేలో నష్టం. వెంట్లు పెట్టాలంటే బానెట్ ముందు భాగంలో, రేడియేటర్ వెనకే, ఒత్తిడి తక్కువ ఉన్న చోట.

పెద్ద కంపెనీలు కూడా ఇందులో తప్పటడుగు వేశాయి. 2015లో వచ్చిన సూపర్‌చార్జ్‌డ్ కార్వెట్ జెడ్06 ట్రాక్ మీద హీటెక్కుతోందని అమెరికాలో పెద్ద గొడవైంది, కోర్టు దాకా వెళ్ళింది. 2017 మోడల్‌కి పెద్ద వెంట్లున్న కొత్త బానెట్, మార్చిన సూపర్‌చార్జర్ మూత ఇచ్చారు. 650 హార్స్‌పవర్ కారుకి వైద్యం బానెట్ రంధ్రం దగ్గర మొదలైందంటే గాలి దారి ఎంత ముఖ్యమో చూడండి.

ఎగ్జాస్ట్ చుట్టూ గుడ్డ చుట్టడం, టర్బోకి దుప్పటి కప్పడం బానెట్ కింద వేడిని తగ్గిస్తాయి, కూలెంట్ అంకెని పెద్దగా తగ్గించవు. వానాకాలంలో ఆ గుడ్డ తడిసి మామూలు ఇనుప పైపులకి తుప్పు పట్టిస్తుంది. టర్బో దుప్పటి చాలు.

ఎవరికి ఏది

హైదరాబాద్‌లో ఉండి, ఆఫీసుకి, ఆదివారం ఔటర్ మీద ఒక చుట్టుకి వాడే కారైతే ఓబీడీ, ఫ్యాను, మూత, సరైన కూలెంట్, రేడియేటర్ కడగడం. ఇంతకు మించి ఏది కొన్నా మీ ముచ్చటే తప్ప కారు అవసరం కాదు. మధ్యాహ్నం హైవేల మీద ఎక్కువ తిరిగేవాళ్ళు వీటికి తోడు గాలి సందులు మూయించి, ఎనిమిదేళ్ళు దాటితే కంపెనీ రేడియేటర్ వేయించండి. కొన్ని కార్ల వాటర్ పంపులో ప్లాస్టిక్ రెక్కలుంటాయి, అవి విరుగుతాయి. టైమింగ్ బెల్ట్ మార్పించేటప్పుడు అదీ మార్పించండి.

చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కో, కోయంబత్తూరు కరి స్పీడ్‌వేకో వెళ్ళే వాళ్ళ లెక్క వేరు. 3.7 కిలోమీటర్ల ఇరుంగాట్టుకోట్టైలో ఎండలో ఐదు ల్యాపులు ఆపకుండా కొడితే కూలెంట్ కంటే ముందు ఆయిల్ చేతులెత్తేస్తుంది. అక్కడ నా వరుస ఇది: ఆయిల్ కూలర్, తర్వాత సందులు మూసిన రేడియేటర్ దారి, ఆ తర్వాత మందమైన రేడియేటర్. ఇవేవీ కొనే స్తోమత లేకపోతే రెండు ల్యాపులు తొక్కి, ఒకటి నెమ్మదిగా తిప్పండి. అది పూర్తిగా ఉచితం, పైగా టైర్లు కూడా మిగులుతాయి.

ఫీనిక్స్‌లోనో డాలస్‌లోనో మస్టాంగ్ జీటీ కొనాలనుకునే మనవాళ్ళు, పాతదైనా పర్ఫార్మెన్స్ ప్యాక్ ఉన్నది వెతకండి. దాంట్లో కంపెనీయే పెద్ద రేడియేటర్ ఇస్తుంది. తర్వాత విడిగా వేయించుకోవడం కంటే అదే చవక. 2023లో ఫీనిక్స్ వరసగా 31 రోజులు 110 ఫారెన్‌హీట్, అంటే 43 డిగ్రీల పైనే ఉంది. దాంతో పోలిస్తే మన మే నెల వచ్చిపోయే చుట్టం. దుబాయ్‌లో సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారు చూస్తున్న కరీంనగర్, నిజామాబాద్ తమ్ముళ్ళు జీసీసీ స్పెక్ అవునో కాదో ముందు అడగండి. గల్ఫ్ కోసం చేసిన కారులో కూలింగ్, ఏసీ ఆ ఎండకి తగ్గట్టు ఉంటాయి. అమెరికా నుంచి వచ్చిన అదే కారు చవగ్గా కనపడుతుంది, ఆ తేడా జూలైలో తెలుస్తుంది.

వారంటీ ఉన్న కారైతే రేడియేటర్, ఆయిల్ కూలర్, ఇంటర్‌కూలర్ మూడూ కంపెనీ వాళ్ళకి చెప్పి చేయించండి, లేదా వారంటీ అయ్యేదాకా ఆగండి. ఓబీడీ, ఫోము, కడగడం ఎవరూ అడగరు.

అన్నీ చేశాక కూడా ఎప్పుడో ఒకసారి ముల్లు లేస్తుంది. ఏసీ ఆపి, హీటర్ పూర్తిగా పెట్టండి. లోపల నరకంలా ఉంటుంది గానీ ఇంజిన్‌కి అది ఇంకో చిన్న రేడియేటర్. పక్కకు తీసి ఆపండి. మూత ముట్టుకోవద్దు, 120 డిగ్రీల ఆవిరి ఏం చేస్తుందో నేను ఒక లారీ డ్రైవర్ చేతి మీద చూశాను. ఇంజిన్ మీద చల్లనీళ్ళు కుమ్మరించొద్దు, అల్యూమినియం హెడ్డు పగుళ్ళిస్తుంది. ముప్పావుగంట, గంట ఆగి, చేయి పెడితే ఓర్చుకునేంత చల్లారాక గుడ్డ పట్టుకుని మూత కొంచెం కొంచెంగా తిప్పండి. డిక్కీలో ఐదు లీటర్ల బ్యాటరీ వాటర్ డబ్బా ఎప్పుడూ ఉంచుకోండి. మా బావ కూడా ఇప్పుడు రెండు పెట్టుకుని తిరుగుతున్నాడు, అక్క కొనిపెట్టింది.